ఒక జీవిని కాపాడటానికి ఇంకో జీవిని చంపాలా? బయటి నుంచి చేరి హాని చేసే (ఇన్వేసివ్) జంతువులపై చర్చ

కొంగనడక:
ఈమధ్య మారియన్ దీవి గురించి చదివినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది, అందుకే ఇక్కడ పెడుతున్నాను. దక్షిణాఫ్రికాకీ అంటార్కిటికాకీ మధ్య సముద్రంలో ఉండే దీవి అది. రెండు వందల ఏళ్ల కిందట సీల్ వేటగాళ్ల ఓడల్లో చిట్టెలుకలు అక్కడికి చేరాయి. ఇప్పుడవి గూట్లో కూర్చున్న ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్ర పక్షి పిల్లల్ని రాత్రిపూట బతికుండగానే కొరుక్కు తింటున్నాయి. తల మీద తోలు ఊడిపోయిన ఫోటోలు ఉన్నాయి, చూడలేం. అంత పెద్ద పిల్ల లేచి పోదు, ముక్కుతో పొడవదు, అలాగే కూర్చుంటుంది. నేల మీద తిరిగే శత్రువే లేని చోట పుట్టిన పక్షికి పారిపోవాలన్న ఊహే ఉండదట. 2023లో పెద్ద పక్షుల్ని కూడా ఇలాగే చంపినట్టు తేలింది.

దీనికి పరిష్కారంగా అనుకుంటున్నది ఏంటంటే, హెలికాప్టర్లతో దీవి మొత్తం విషపు ఎర చల్లి ఒక్క చిట్టెలుక కూడా మిగలకుండా చంపేయడం. చదువుతుంటే సరే అనిపిస్తుంది, వెంటనే అవీ ప్రాణాలే కదా అనిపిస్తుంది. తెచ్చింది మనుషులు, శిక్ష ఎలుకలకా? ఇంకో దారి లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతమర్రి:
కొంగనడక గారూ, ఆ దీవి కథలో మీరు చదివింది రెండో భాగం. మొదటి భాగం పిల్లులది. వాతావరణ కేంద్రంలో ఎలుకల గోల తగ్గుతుందని 1949లో ఐదు పిల్లుల్ని తెచ్చారు. 1970ల మధ్యకి అవి రెండు వేలు దాటాయి. ఏడాదికి నాలుగు లక్షలకు పైగా పెట్రెల్ అనే సముద్ర పక్షుల్ని తింటున్నాయని అప్పట్లో లెక్క తేల్చారు. 1977లో పిల్లులకు మాత్రమే ప్రమాదమైన వైరస్ ఒకటి వదిలారు. మిగిలినవాటిని రాత్రిళ్లు లైట్లు వేసి కాల్చారు, బోన్లు పెట్టి పట్టారు. 1991కి ఒక్కటీ మిగల్లేదు. పెట్రెల్స్ ఊపిరి పీల్చుకున్నాయి. తర్వాత చిట్టెలుకల వంతు వచ్చింది.

పిల్లులు పోయాయి కాబట్టే ఎలుకలు పెరిగాయని చాలామంది తేలిగ్గా అనేస్తారు. అక్కడ వాతావరణం వెచ్చబడి, పొడిబారి, ఎలుకలు పిల్లలు పెట్టే కాలం పొడుగైంది. పెద్ద కారణం అదే.

ఏ జంతువుని ముందు తీయాలన్న క్రమం తప్పితే ఏమవుతుందో చూడాలంటే మెక్వారీ దీవి చూడండి. ఆస్ట్రేలియాది. అక్కడ కుందేళ్లు, పిల్లులు, ఎలుకలు, చిట్టెలుకలు అన్నీ ఉండేవి. కుందేళ్లను వైరస్‌తో అదుపు చేస్తూ, ఇంకోపక్క 1985 నుంచి పిల్లుల్ని వేటాడారు. 2000లో ఆఖరి పిల్లి పోయింది. అదే సమయానికి కుందేళ్ల మీద వైరస్ పట్టు సడలింది. ఇక అడ్డేముంది, కొండవాలు మీద గడ్డీ గాదం నున్నగా మేసేశాయి. వేర్ల పట్టు పోయిన కొండచరియ 2006లో జారి పెంగ్విన్ల మీద పడింది. చివరికి కుందేళ్లు, ఎలుకలు, చిట్టెలుకలు మూడింటినీ ఒకే పథకంలో పెట్టి తీసేశారు. 2014లో దీవి శుభ్రమైందని ప్రకటించారు. మూడింటినీ కలిపి చూసే పని మొదట్లోనే జరగాల్సింది.

సందేహాలరావు:
బాగానే ఉంది గానీ మాస్టారూ, నాదొక ప్రశ్న. జీవులు లక్షల ఏళ్లుగా ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతూనే ఉన్నాయి కదా. దుంగ మీద కొట్టుకొచ్చిన బల్లిని ‘స్థానికం’ అంటాం, ఓడలో వచ్చిన ఎలుకని ‘ఇన్వేసివ్’ అంటాం. వదిలేస్తే కొన్నేళ్లకి ప్రకృతే సర్దుకోదా? మనం వేలు పెట్టిన ప్రతిచోటా ఇంకో తలనొప్పి పుడుతోంది, మీరు చెప్పిన రెండు కథలూ అవే.

పాలపిట్ట:
రావు గారూ, తేడా వేగంలో ఉంది. దుంగ మీద బల్లి ఎన్ని వేల ఏళ్లకు ఒకసారి వస్తుంది? ఓడలు, విమానాలు రోజూ తెస్తున్నాయి.

ప్రకృతి సర్దుకున్న చోటు ఒకటి చెప్తాను. పసిఫిక్‌లో గువామ్ దీవి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైనిక సరుకుల్లో దాక్కుని బ్రౌన్ ట్రీ స్నేక్ వచ్చింది. సన్నగా, గోధుమ రంగులో, రాత్రిపూట చెట్లెక్కే పాము. అడవిలో ఉండే స్థానిక పక్షి జాతులు 12 అయితే 10 ఆ దీవి నుంచి మాయమయ్యాయి. సర్దుబాటు ఎలా జరిగిందంటే, పురుగుల్ని తినే పక్షులు లేక అడవి నిండా సాలెగూళ్లు. పళ్లు తిని గింజలు వెదజల్లే పక్షులు లేక చెట్ల గింజలు తల్లి చెట్టు కిందే రాలి కుళ్లుతున్నాయి. అడవి ఉంది, చప్పుడు లేదు. దీన్ని సర్దుకోవడం అంటారా?

ఇంకో మాట. బయటి నుంచి వచ్చిన ప్రతి జీవీ శత్రువు కాదు. 2023లో ఐపీబెస్ అనే అంతర్జాతీయ శాస్త్రవేత్తల వేదిక ఇచ్చిన నివేదిక ప్రకారం మనుషుల వల్ల కొత్త చోట్లకు చేరి స్థిరపడిన జాతులు 37,000కు పైగా. వాటిలో హాని చేస్తున్నట్టు ఆధారాలున్నవి 3,500కు పైగా. మొక్కలు, సూక్ష్మజీవులు కూడా ఇందులోనే. కానీ ఆ కొన్నే, నమోదైన జాతుల అంతర్ధానాల్లో 60 శాతానికి పూర్తిగానో పాక్షికంగానో కారణం.

సందేహాలరావు:
అంటే పదిలో తొమ్మిదింటి జోలికి పోనక్కర్లేదన్నమాట. ఈ మాట ముందే చెప్తే సగం గొడవ ఉండేది కాదు కదండీ.

డాక్టరమ్మ_పశువులు:
కొంగనడక గారు అడిగిన అసలు ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు, నేను ముట్టుకుంటాను.

దీవుల మీద ఎక్కువగా వాడేది బ్రోడిఫాకమ్ అనే మందు. రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది, లోపల రక్తస్రావం అవుతుంది. అది సులువైన చావు అని నేను ఎవరికీ చెప్పను. వెంటనే చంపే మందు ఎందుకు వాడరంటే, ఒక ఎలుక తిని అక్కడే గిలగిలలాడితే మిగతావి ఆ ఎర ముట్టవు. నిదానంగా పనిచేస్తుంది కాబట్టే ఆఖరి ఎలుక కూడా తింటుంది. పైగా ఆ మందు కాలేయంలో చాలాకాలం నిలిచిపోతుంది, ఎలుక శవాన్ని తిన్న పక్షికీ ఎక్కుతుంది. మెక్వారీలో జెయింట్ పెట్రెల్స్ అలాగే చనిపోయాయి. అది చూశాక శవాల్ని ఏరడానికి మనుషుల్ని పెట్టారు.

ఇంత తెలిసీ నేను మారియన్ పథకం వైపే ఉంటాను. చిట్టెలుక ఏడాదికి ఎన్నో ఈతలు ఈనుతుంది. నిర్మూలన జరిగితే ఒక తరం ఎలుకలు బాధపడి చస్తాయి, అక్కడితో అయిపోతుంది. ‘అదుపు’ పేరుతో సగం చంపి సగం వదిలితే వచ్చే ఏడాది మళ్లీ అన్ని, ఆపై ఏడాది మళ్లీ అన్ని. జాలి పేరుతో చేసే సగం పనిలోనే ఎక్కువ ప్రాణాలు పోతాయి. అందుకని నేను ముందు అడిగేది ‘చంపొచ్చా’ అని కాదు, ‘పూర్తి చేయగలరా’ అని. చేయలేకపోతే మొదలుపెట్టే ముందు మళ్లీ ఆలోచించండి.

కొంగనడక:
డాక్టర్ గారూ, థాంక్యూ. మరి స్టెరిలైజేషన్? చంపకుండా సంతానం ఆపితే చాలదా?

డాక్టరమ్మ_పశువులు:
సంతానం ఆగుతుంది, ఆకలి ఆగదు. ఆపరేషన్ చేసిన పిల్లి బతికినన్నాళ్లూ పక్షుల్ని పడుతూనే ఉంటుంది. మారియన్ ఆల్బట్రాస్ రెండేళ్లకు ఒక్క గుడ్డు పెడుతుంది, దానికి అంత టైమ్ లేదు.

కొలంబియా హిప్పోల సంగతి చూడండి. 1980ల్లో డ్రగ్స్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ తన సొంత జూ కోసం నాలుగింటిని తెప్పించుకున్నాడు. అతను పోయాక అవి నదిలోకి జారుకున్నాయి, ఇప్పుడు వందకు పైనే. 2022లో ప్రభుత్వం వాటిని ఇన్వేసివ్ అని ప్రకటించింది. మగ హిప్పోకి వృషణాలు బయటికి కనిపించవు, లోపల ఉండి, పట్టుకోబోతే ఇంకా లోపలికి జరుగుతాయి. అంత మందం చర్మం, అంత బరువు, మత్తు ఎక్కాక నీళ్లలోకి పోతే మునిగి చస్తుంది. ఒక్కో ఆపరేషన్ ఒక యుద్ధం. నాలుగు ఉన్నప్పుడే పట్టి ఉంటే ఈ చర్చే లేదు.

పాతమర్రి:
డాక్టరమ్మ ‘పూర్తి చేయగలరా’ అన్నారు చూడండి, నా దృష్టిలో ఈ మొత్తం విషయానికి అదే కీలకం. ప్రతి ఒక్క జంతువుకీ ఎర అందాలి. పుట్టే వేగం కన్నా తీసే వేగం ఎక్కువ ఉండాలి. బయటి నుంచి మళ్లీ రాకూడదు. ఒక్కటి కుదరకపోయినా అంతా వృథా.

దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవిలో ఇవి కుదిరాయి. అది పెద్ద దీవి, ఒకేసారి చల్లలేరు. కానీ హిమానీనదాలు దాన్ని గదులు గదులుగా విడగొట్టాయి, ఎలుకలు ఆ మంచు దాటలేవు. 2011, 2013, 2015లో గది తర్వాత గది చొప్పున 300 టన్నులకు పైగా ఎర చల్లుకుంటూ పోయారు. హిమానీనదాలు కరిగి వెనక్కి పోతున్నాయి, గోడలు కూలితే గదులు కలిసిపోతాయి కాబట్టి తొందరపడ్డారు. తర్వాత వాసన పట్టే కుక్కలతో వెతికించి 2018లో ఎలుకలు లేవని ప్రకటించారు.

అదే సముద్రంలోని గాఫ్ దీవిలో కుదరలేదు. 2021లో అంతే శ్రద్ధగా చల్లారు. ఆ డిసెంబర్‌లో కెమెరాకి ఒక చిట్టెలుక దొరికింది. ఇక అయిపోయినట్టే. కొన్నాళ్లు పక్షి పిల్లలు బాగా బతికాయి గానీ ఎలుకలు మళ్లీ నిండిపోయాయి.

నత్తగుల్ల:
ఒక్క ఎలుకతో ఏమవుతుందిలే అనుకునేవాళ్ల కోసం: న్యూజిలాండ్ పరిశోధకులు 2004లో కావాలనే ఒకే ఒక్క మగ ఎలుకని, మెడకి రేడియో కాలర్ కట్టి, ఎలుకలు లేని చిన్న దీవిలో వదిలారు. ఎంత తేలిగ్గా పట్టొచ్చో చూద్దామని. దానికి రజ్జా అని పేరు కూడా పెట్టారు. బోన్లు, ఎరలు, కుక్కలు, దేనికీ చిక్కలేదు. మధ్యలో 400 మీటర్ల సముద్రం ఈది పక్క దీవికి పోయింది. 18 వారాల తర్వాత తాజా పెంగ్విన్ మాంసం పెట్టిన బోనులో పడింది. కాలర్ ఉన్నదాని సంగతే అది!

కుర్ర_తొండ:
అన్నలూ, ఇంత ఖర్చు ఎందుకు? తోకకి ఇంత అని రేటు కట్టి జనానికి వదిలేస్తే వాళ్లే ఊడ్చేస్తారు కదా.

సందేహాలరావు:
తమ్ముడూ, ఆ ముచ్చట ఫ్రెంచివాళ్లు 1902లో వియత్నాంలోని హనోయ్‌లో తీర్చుకున్నారు. ఎలుక తోక తెస్తే డబ్బులు అన్నారు. కొన్నాళ్లకి ఊళ్లో తోకల్లేని ఎలుకలు తిరగడం మొదలైంది. తోక కోసుకుని వదిలేస్తున్నారు, పిల్లలు పెడితే ఇంకా తోకలొస్తాయని. ఊరి బయట పెంచడం కూడా మొదలెట్టారు. బంగారు గుడ్లు పెట్టే బాతుని ఎవరు చంపుకుంటారు?

పాతమర్రి:
రావు గారు చెప్పింది నిజం. డబ్బుని సరిగ్గా వాడిన ఉదాహరణ కూడా ఉంది. ఇంగ్లండ్ తూర్పు ప్రాంతంలో బొచ్చు కోసం పెంచిన కోయ్‌పు అనే పెద్ద ఎలుకజాతి జంతువులు 1930ల్లో ఫారాల నుంచి తప్పించుకుని కాలవగట్లు తవ్వేశాయి. 1981లో 24 మంది బోన్లవాళ్లని పెట్టారు. పని అయిపోతే వాళ్ల ఉద్యోగం పోతుంది, అందుకని కొన్ని వదిలేస్తారన్న భయం ఉంది. దాంతో, పూర్తిగా లేకుండా చేస్తే మూడేళ్ల జీతం దాకా బోనస్, ఆలస్యమయ్యేకొద్దీ బోనస్ తగ్గుతుంది అని పెట్టారు. 1989కి కోయ్‌పులు లేవని ప్రకటించారు. తలకి ఇంత అని కాకుండా ‘సున్నా’కి డబ్బిచ్చారు.

చేపలతొట్టి:
మరి తినేయడం? బయటి నుంచి చేరిన లయన్‌ఫిష్ అనే చేపని అమెరికా, కరీబియన్ వైపు హోటళ్లలో పెడుతున్నారట. ముళ్లకే విషం, మాంసానికి లేదు.

పాలపిట్ట:
తింటే మంచిదే, పోటీలు పెట్టి డైవర్లు వేలల్లో పడుతున్నారు. ఆ పగడపు దిబ్బ మీద చిన్న చేపలు కొన్నాళ్లు తేరుకుంటాయి కూడా. కానీ ఒక్క ఆడచేప ఏడాదికి 20 లక్షల దాకా గుడ్లు పెడుతుంది, డైవర్ దిగలేని లోతుల్లోనూ ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేయడం ఇప్పుడు ఎవరి వల్లా కాదు. ఫలానా దిబ్బలు కాపాడుకుంటాం అని ఎంచుకుని, అక్కడే మళ్లీ మళ్లీ పట్టాలి. నాకు భయం ఇంకోటి: దాని మీద బతికేవాళ్లు తయారయ్యాక ‘ఇది అంతరించాలి’ అని ఎవరూ కోరుకోరు. విక్టోరియా సరస్సులో నైల్ పెర్చ్ అంతే. 1950ల్లో వదిలిన ఆ చేప వల్ల వందల రకాల సిక్లిడ్ చేపలు కనుమరుగయ్యాయి. ఇప్పుడు అక్కడి ఎగుమతులు, జీవనోపాధి దాని మీదే.

కుర్ర_తొండ:
సరే, దాన్ని తినే ఇంకో జంతువుని వదిలితే?

నత్తగుల్ల:
తొండా, నా యూజర్ నేమ్ చూసి అడిగావా 🙂 హవాయిలో చెరకు తోటల్లో ఎలుకల కోసం 1883లో ముంగిసల్ని తెచ్చారు. ఎలుక రాత్రి తిరుగుతుంది, ముంగిస పగలు తిరుగుతుంది. రెండూ కలుసుకునేదే తక్కువ. ముంగిసలు నేల మీద గూళ్లు కట్టే పక్షుల గుడ్ల మీద పడ్డాయి.

బుద్ధి రాలేదు. పంటలు తినే ఆఫ్రికా రాకాసి నత్త కోసం 1955లో అక్కడికే రోజీ వుల్ఫ్ స్నెయిల్ అనే వేట నత్తని తెచ్చారు. ఇదొక చిత్రమైన జీవి. ముందు నడిచిన నత్త జిగురు చారని మూతి దగ్గరి పొడవాటి పెదవులతో తడుముకుంటూ వెంటపడుతుంది, మామూలు నత్త కన్నా వేగంగా పోతుంది, చిన్నదైతే గుల్లతో సహా మింగేస్తుంది. రాకాసి నత్తని వదిలేసి, చెట్ల మీద ఉండే చిన్న స్థానిక నత్తల్ని తినేసింది. 1970ల్లో పసిఫిక్‌లోని తాహితీ, మోరియా దీవుల్లో కూడా వదిలారు. అక్కడి పార్టులా నత్తలు చాలా జాతులు పూర్తిగా పోయాయి. కొన్ని జూలలో డబ్బాల్లో బతికి, ఇప్పుడు తిరిగి అడవికి చేరుతున్నాయి. గోరంత నత్తకి రంగు చుక్క పెట్టి చెట్టు మీద వదులుతారు, చూస్తే ముచ్చటేస్తుంది.

ఒకే రకం పురుగునో కలుపునో మాత్రమే తినే కీటకాన్ని ఏళ్ల తరబడి పరీక్షించి వదలడం వేరే సంగతి, అందులో మంచి ఫలితాలున్నాయి. ఏది దొరికితే అది తినే జంతువుని వదలడమే తప్పు.

కొంగనడక:
కేన్ టోడ్ కూడా ఇలాంటిదే కదా?

పాలపిట్ట:
అవును, 1935లో చెరకు పురుగుల్ని తింటాయని హవాయి నుంచి వందకు పైగా కప్పల్ని ఆస్ట్రేలియాకి తెచ్చారు. చెరకు పురుగు గడ పైన, కప్ప నేల మీద, షరా మామూలే. ఇప్పుడు అన్నిటినీ ఏరేయడం అసాధ్యం. అందుకే అక్కడ దారి మార్చారు. ఆ కప్పని తిన్న క్వాల్ (అక్కడి చిన్న మాంసాహార జంతువు), మానిటర్ ఉడుము విషంతో చస్తాయి. కప్పల దండు ఇంకా చేరని చోట, చంపేంత విషం లేని చిన్న కప్పల్ని ముందుగా వదులుతారు. లేదా కప్ప మాంసంలో వికారం పుట్టించే మందు కలిపి పెడతారు. తిన్న జంతువు కక్కుకుని, ఆ రుచంటేనే దూరం జరుగుతుంది. తర్వాత పెద్ద కప్పలు వచ్చినా ముట్టదు. శత్రువుని తీయలేనప్పుడు మనవాడికి బతకడం నేర్పడం అన్నమాట. చంపడం ఇష్టం లేనివాళ్లకి ఈ పని నచ్చుతుంది అనుకుంటా, కానీ అన్ని చోట్లా కుదరదు.

డాక్టరమ్మ_పశువులు:
పాలపిట్ట గారు గువామ్ గురించి చెప్పారు, అక్కడి మందు కూడా చెప్పాలి: పారాసిటమాల్. జ్వరానికి మనం వేసుకునేదే. 80 మిల్లీగ్రాములు ఆ పాముని చంపేస్తుంది. చచ్చిన చిట్టెలుకల్లో ఆ మాత్ర పెట్టి, చెట్ల కొమ్మలకి చిక్కుకునేలా కాగితపు రిబ్బన్లతో హెలికాప్టర్ నుంచి వదులుతారు. కింద పడితే పీతలు ఎత్తుకుపోతాయని. అయినా దీవి మొత్తం పాములు పోలేదు. అక్కడి నుంచి బయల్దేరే సరుకుల్ని కుక్కలతో తనిఖీ చేయించి పక్క దీవులకి పోకుండా చూడటం అంతకన్నా ముఖ్యమైన పని.

కుర్ర_తొండ:
ఫ్లోరిడా కొండచిలువల గురించి ఎవరూ అనరేంటి, మనవాళ్లే కదా వెళ్లి పట్టింది!

పాతమర్రి:
నిజమే, 2017లో తమిళనాడు నుంచి ఇద్దరు ఇరుల తెగ వాళ్లని పిలిపించారు. గడ్డి వంగిన తీరు, నేల మీద జాడ చూసి పట్టేవాళ్లు. వచ్చిన కొద్ది రోజుల్లోనే పాడుబడ్డ క్షిపణి స్థావరంలో దాక్కున్న 16 అడుగుల ఆడపాముని లాగారు. వాళ్ల నేర్పు గొప్పదే. కానీ ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో పాము రెండడుగుల దూరంలో ఉన్నా కనపడదు. అక్కడ ఒక అధ్యయనం కొండచిలువలు చేరాక రోడ్ల మీద కనిపించే రకూన్లు అనే చిన్న జంతువులు 99 శాతం తగ్గాయని 2012లో చూపించింది. ఇప్పుడు మగపాములకి ట్రాన్స్‌మిటర్లు పెట్టి వదులుతున్నారు. అవి జత కోసం వెతుక్కుంటూ గుడ్లతో ఉన్న పెద్ద ఆడపాముల దగ్గరికి దారి చూపిస్తాయి. గాలాపగోస్‌లో మేకల మీద ఇదే ఎత్తు వేశారు. రేడియో కట్టిన మేక మందని వెతుక్కుంటూ పోతుంది, వెనకే హెలికాప్టర్. అలా ఉత్తర ఇసాబెలాలో 2006కి మేకలు లేకుండా చేశారు.

విచిత్రం ఏంటంటే, ఈ బర్మా కొండచిలువ తన సొంత ఆసియా అడవుల్లో ప్రమాదంలో ఉన్న జాతి. ఫ్లోరిడాలో ఉన్నవి పెంపకందార్లు వదిలేసిన, తప్పించుకున్నవాటి సంతానం.

చేపలతొట్టి:
పెంపకందార్లు అన్నారు కాబట్టి అడుగుతున్నా. తిట్టకండి. నా దగ్గర ఎర్ర చెవుల తాబేలు ఉంది. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు తెచ్చాను, ఇప్పుడు అరచేతికి మించింది. తొట్టి చాలడం లేదు. ఇంట్లోవాళ్లు చెరువులో వదిలేయమంటున్నారు. ‘దాని చోటుకి అది పోతుంది’ అంటారు.

నత్తగుల్ల:
దాని చోటు మిసిసిపీ నది అండీ, మన చెరువు కాదు. వద్దు. ఎండ కాచుకునే రాయి మీద నుంచి స్థానిక తాబేళ్లని తోసేస్తుంది, తిండికి పోటీ పడుతుంది, రోగాలు మోసుకెళ్తుంది. ముప్పై ఏళ్ల దాకా బతుకుతుంది కూడా. ఐరోపా సంఘం 2016లో దాన్ని నిషేధ జాబితాలో పెట్టింది. ఇంకెవరైనా పెంచేవాళ్లకి ఇవ్వండి, జూనో జంతు సంరక్షణ కేంద్రాన్నో అడగండి. ఎవరూ తీసుకోకపోతే, పెద్ద తొట్టి కొనడమే.

తొట్టి కడిగిన నీళ్లు కూడా కాలవలో పోయకండి. నత్త గుడ్లు, చేప పిల్లలు అలాగే పోతాయి. అండమాన్‌లో పెద్ద బుల్ ఫ్రాగ్ కప్ప ఒక దీవి నుంచి ఇంకో దీవికి పాకింది చేప పిల్లల సీడ్‌తో కలిసిపోయే. దాని తోకకప్పలు మిగతా కప్పల పిల్లల్ని తినేస్తాయి.

సందేహాలరావు:
అయ్యా తొట్టి గారూ, హెలికాప్టర్లు, పెంగ్విన్ మాంసం, మత్తిచ్చిన హిప్పోలు అన్నీ చదివాక కూడా ‘చెరువులో వదలనా’ అంటే నేను ఏమనాలి! మీరు అడిగారు కాబట్టి సరిపోయింది. అడక్కుండా వదిలేవాళ్లే ఎక్కువ.

డాక్టరమ్మ_పశువులు:
రావు గారూ, ఆయన్ని వదిలేయండి. తొట్టి గారూ, ముందు అది ఆడదా మగదా చూడండి. మగదాని ముందు కాళ్ల గోళ్లు బాగా పొడుగ్గా ఉంటాయి, తోక లావుగా ఉంటుంది. ఆడదైతే అడుగు పొడవు దాకా పెరగొచ్చు, దానికి తగ్గ తొట్టి, ఎక్కి పొడిగా కూర్చునే చోటు, యూవీ లైటు, గట్టి ఫిల్టరు కావాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి, సాల్మొనెల్లా అనే రోగ క్రిమి ఉంటుంది.

చేపలతొట్టి:
ఇప్పుడే చూశాను డాక్టర్ గారూ. గోళ్లు పొట్టిగానే ఉన్నాయి, తోక సన్నగా ఉంది. పెద్ద తొట్టి కొలతలు ఇక్కడే చెప్తారా, విడిగా మెసేజ్ పెట్టనా?